ఓడకు ఆదివారం, ఎద్దుకు సోమవారం

మా ఆదోని నుంచి సముద్రం ఎన్ని మైళ్లో నాకు ఇప్పటికీ కచ్చితంగా తెలియదు. సాయంత్రం రైలెక్కితే పొద్దున మద్రాసులో దిగుతామని మాత్రం తెలుసు. అయినా డెబ్బైల చివర ఒక మూడు నెలల పాటు నేను సముద్రం గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఏ ఓడ ఎప్పుడొస్తుంది, ఎన్నాళ్లు నిలబడుతుంది, సరుకు ఎప్పటిలోగా రేవు చేరాలి, అన్నీ నా నాలుక చివరే ఉండేవి. ఇదంతా ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో, సున్నం వేసిన ఒక చిన్న గదిలో, టైపు మిషన్ ముందు కూర్చుని చెప్పేదాన్ని. నీళ్లంటే తుంగభద్ర కాలువ తప్ప ఇంకొకటి ఎరగని జనం నోరు తెరుచుకుని వినేవాళ్లు. నాకు అంతకంటే ఏం కావాలి!

అప్పటికి నాకు ఇరవై ఒకటి. మా వంశమంతా మంత్రాలయం చుట్టుపక్కల గుడిలో గంట కొట్టినవాళ్లు, కాకపోతే బడిలో గంట కొట్టించినవాళ్లు. మా నాన్న ఆదోనిలో హైస్కూలు పంతులు. నన్ను కూడా పంతులమ్మను చేయాలని ఆయన కోరిక. నాకు ఆ మాటంటేనే ఒళ్లు మంట. నా కోపానికి క్లాసులో ఒక్క పిల్లాడికీ చెవులు మిగలవని ఇంట్లో అందరికీ తెలుసు. నాకు టైపు మిషన్ మీద ప్రాణం. ఇంగ్లీషు టైపు హయ్యరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసై, ఆ కాగితం పట్టుకుని ఇంట్లో చెప్పాపెట్టకుండా ఎమ్మిగనూరు బస్సెక్కి, ఉద్యోగం తెచ్చుకుని సాయంత్రానికి ఇంటికొచ్చాను. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన రభస ఇక్కడ రాయను.

చివరికి నాన్న ఒక మెట్టు దిగి, "మొదటి ఓడ పోయేదాకా చేసుకో. సవ్యంగా పోతే చూస్తాం. లేదంటే నోరు మూసుకుని టీచరు ట్రైనింగుకు కర్నూలు పోవాల" అన్నాడు. ఉద్యోగమిచ్చిన షావుకారు కూడా అదే మాట అన్నాడు. "మొదటి ఓడ పోనీ పాపా, సూస్తాం." ఇద్దరూ కూడబలుక్కున్నారేమో అనిపించింది గానీ, వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది కూడా లేదు. అంటే నా బతుకు ఇటో అటో తేల్చేది ఒక ఓడ. దాని పేరు కూడా నేను సరిగ్గా పలకలేకపోయేదాన్ని.

మా షావుకారు ఒకప్పుడు తానే మగ్గం గుంతలో కూర్చున్నవాడు. కష్టపడి పైకొచ్చి, అరవై మగ్గాలకు నూలిచ్చి నేయించేవాడు. పుణ్యాత్ముడు, కోపం రాదు, కానీ మతిమరుపు. ఆ ఏడు ఎవరో మద్రాసు వ్యాపారి ద్వారా ఆయనకు విదేశాల నుంచి మొదటిసారి బేరం తగిలింది. పలచటి నూలుగుడ్డ, ఉతికితే ముడతలు పడేది. ఆ ముడతలే వాళ్లకు కావాలట. "ఇస్త్రీ సేసుకోకుండా తొడుక్కుంటారంట, పాపం బొగ్గుల్లేవేమో" అని మా నేతగాళ్లు ఒకటే నవ్వు. ఈ సరుకు సరిగ్గా పోతే ఏడాది పొడుగునా పని. పోకపోతే అరవై మగ్గాలు మళ్లీ తువ్వాళ్లకూ దుప్పట్లకూ దిగాలి, అవీ నెలకు సగం రోజులే.

షావుకారుకు ఇంగ్లీషు రాదు. మద్రాసులో మా సరుకును ఓడెక్కించే ఏజెంటుకు తెలుగు రాదు. మధ్యలో నేను. ఓ రోజు ఆ ఏజెంటు దగ్గర నుంచి పొడుగాటి ఉత్తరం వచ్చింది. సారాంశం ఇది: ఆదివారాల్లోనూ, కస్టమ్స్ వాళ్లు పాటించే సెలవు రోజుల్లోనూ రేవులో సరుకు ఓడలోకి ఎక్కించడం గానీ దించడం గానీ చట్టరీత్యా కూడదు. ముందుగా అర్జీ పెట్టి, రుసుము కట్టి, అనుమతి తెచ్చుకుంటే తప్ప. కాబట్టి మీ సరుకు శుక్రవారానికల్లా రేవు చేరాలి. శనివారం ఓడ నింపడం పూర్తవుతుంది, ఆ తర్వాత ఎవరి కోసమూ ఆగదు.

నేను ఆ ఉత్తరం నడవాలో నిలబడి అందరికీ తెలుగులో చదివి వినిపించాను. నేతగాళ్లలో అందరికంటే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నోట్లో పళ్లు నాలుగే గానీ మాట మాత్రం బాకు.

"సముద్రానికి ఆదివారమని ఎవరు సెప్పినారు తల్లీ? ఆ పొద్దు అలలు గూడా రావా?" అన్నాడు.

"అలలకు కాదు తాతా, సరుకుకు. చట్టం అది."

"బాగుంది. ఎవరు పెట్టినారో గానీ మంచోల్లే. మోసేటోల్లకు ఒక దినం నడుం వాలేది ఉండాల గదా" అని తలూపాడు.

నాకు ఆ తలూపడం నచ్చలేదు. సంగతి ఎంత గంభీరమైందో ఈయనకు అర్థం కాలేదనుకున్నాను. చట్టం అనే మాట నోట్లో పడ్డాక నేను నేల మీద నడిచింది లేదు. ఓడ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ఒక పట్టిక తయారు చేశాను. శుక్రవారం రేవు. రైలు వ్యాగనుకు మూడు రోజులు. అంటే మంగళవారం ఆదోని స్టేషన్లో వ్యాగను నింపాలి, ఆ రోజుకే మా పేరున వ్యాగను ఇచ్చారు. ఆదోనిలో పత్తిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు ఉంది, మా గుడ్డను కూడా అక్కడే నొక్కించి బేళ్లు కట్టించాలి. అందుకని సోమవారం సాయంత్రానికి విడి మూటలన్నీ ఎమ్మిగనూరు నుంచి ఆదోని చేరాలి. డీజిలు దొరకని రోజులు, లారీ వాళ్లు మొహం చాటేశారు. ఆరు ఎద్దుల బండ్లు మాట్లాడాం. ఈ పట్టికంతా ఇంగ్లీషులో, ఆదివారాలు ఎర్ర రిబ్బనుతో, అందంగా టైపు చేసి గోడకు అతికించాను. తెలుగులో చేతిరాతతో రాసి పెట్టి ఉంటే ఎవరో ఒకరు చదివి నా తల మీద ఒక మొట్టికాయ వేసేవాళ్లు. కానీ నాకు హయ్యరు ఫస్టు క్లాసు గదా!

శనివారం షావుకారు నూలు కోసం బళ్లారి పోయాడు. పోతూ పోతూ గోడ మీద పట్టికను చూసి, "ఎర్రగా ముద్దుగా ఉంది పాపా, నువ్వు సూసుకో" అన్నాడు. చూసుకున్నాను.

ఆదివారం తెల్లవారేసరికి ఆరు బండ్లూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాయి. బండ్లవాళ్ల పెద్దాయనది హొళగుంద వైపు పల్లె. మాటలో కన్నడం కలుస్తుంది. చేతిలో చెర్నాకోల ఉంటుంది గానీ దాన్ని ఎద్దు మీద వేయగా నేనెప్పుడూ చూడలేదు.

"మూటలేయమంటావా అమ్మా? ఇప్పుడు కడితే సందకాడికి ఆదోని సేరతాం" అన్నాడు.

నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఆ భంగిమ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చస్తాను. "ఈ రోజు ఆదివారం. ఆదివారం ఈ సరుకు కదలకూడదు. చట్టం ఒప్పుకోదు" అన్నాను.

ఆయన బండ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "యా సట్టమమ్మా?"

"ఓడ చట్టం."

ఎమ్మిగనూరు వీధిలో, ఎద్దుల బండి ముందర నిలబడి ఓడ చట్టం! రేవులో ఓడెక్కించే పనికి మాత్రమే ఉన్న నియమాన్ని నేను దేశం మీదంతా పరిచేశాను. చట్టమంటే చట్టమే, మద్రాసుకొకటీ మనకొకటీ ఉంటుందా అని నా వాదన. మూటలు కట్టేవాళ్లను కూడా ఇళ్లకు పొమ్మన్నాను. నేను మాత్రం సాయంత్రం దాకా ఆఫీసులోనే కూర్చున్నాను, చట్టం అమలవుతోందో లేదో చూడటానికి.

బండ్ల పెద్ద పోయేముందు, "మల్ల ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగాడు.

"రేపు."

"రేపా?" అని తల గోక్కున్నాడు. ఏదో అనబోయి, చదువుకున్న పిల్లతో మనకెందుకులే అన్నట్టు "సరేలే" అని పోయాడు. ఈయనకు బుర్ర కాస్త మందం అనుకున్నాను. ఎవరి బుర్ర మందమో తెలియడానికి ఒక్క రాత్రి పట్టింది.

సోమవారం పొద్దున బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి ఏదో తేడాగా అనిపించింది. రోజూ వీధి మొగలోనే చెవుల్లో పడే మగ్గాల చప్పుడు లేదు. వీధంతా ఊపిరి బిగబట్టినట్టుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు అమావాస్య. మా నేతగాళ్లకు ఆదివారం లేదు, పండగా లేదు గానీ అమావాస్య నాడు మాత్రం మగ్గం తొక్కరు. అది సరే, దానితో మనకు పనేముంది, గుడ్డ నేసి సిద్ధంగా ఉంది గదా అనుకుంటూ వాకిట్లోకి అడుగు పెట్టాను.

బండ్లు నొగలు నేలకు ఆనించి ఉన్నాయి. పన్నెండు ఎద్దులూ గోడ నీడలో పడుకుని నెమరేస్తున్నాయి. వాటికి స్నానాలయ్యాయి. కొమ్ములకు నూనె, నుదుట పసుపు కుంకుమ. బండ్ల పెద్ద అరుగు మీద తీరుబడిగా ఆకూ వక్కా నములుతున్నాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా బండ్లు కట్టలేదు?"

"ఈ పొద్దు సోమారం గదమ్మా."

"అయితే?"

"సోమారం ఎద్దు మెడ మీద కాడి పెట్టం. బసవన్న దినం. మా తాతల కాడ్నుంచీ అంతే."

"మరి నిన్న రేపు రమ్మంటే సరేనన్నావే!"

"మూటలు సర్దేకి రమ్మన్నావనుకుంటి. సోమారం బండి కట్టమని అడిగేటోల్లు ఈ సీమలో ఉంటారని నాకేం తెల్సు?"

ఆయన మాటలో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. ఆ మాటతో నాకు ఇంకా మండింది. నేను పుట్టి పెరిగింది ఈ సీమలోనే. కానీ మా ఇంట్లో ఎద్దు లేదు, బండి లేదు, ఉన్నది బడిగంట ఒకటే. సోమవారాలు దారిలో బండ్లు కనబడవన్న సంగతి ఇరవై ఒక్కేళ్లలో ఒక్కసారీ నా కంటికి ఆనలేదు.

"ఇదెక్కడి నియమం? ఏ చట్టంలో రాసుందో చూపించు!" అని అరిచాను.

ఆయన ఆకు ఉమ్మి, మూతి తుడుచుకుని, మెల్లగా అన్నాడు. "నిన్న ఓడ సట్టమంటివి. యాడుందో సూపీమని నేను అడిగితినా తల్లీ? నువ్వు సెప్పితివి, నేను ఇంటిని. ఈ పొద్దు నేను సెప్తాండా. నువ్వు ఇను."



గదిలోకి పోయి టైపు మిషన్ ముందు కూలబడ్డాను. మంగళవారం వ్యాగను మూటల కోసం కాచుకోదు, దాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తారు. బండ్లు మంగళవారం పొద్దున కట్టినా ఆదోని చేరేసరికి పొద్దు వాలుతుంది. ఆ తర్వాత బేళ్లు కట్టేదెప్పుడు, వ్యాగను నింపేదెప్పుడు? కర్నూలు ట్రైనింగు కాలేజీ గేటు నా కళ్ల ముందర నిలబడింది. నా సంగతి అలా ఉంచితే, ఈ అరవై మగ్గాల వాళ్లకు నేనేం చెప్పాలి? గోడ మీది పట్టికను చూస్తే చింపి పొయ్యిలో పెట్టాలనిపించింది.

పెద్ద నేతగాడు తొంగి చూశాడు. అమావాస్య గనక తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు. "ఏం తల్లీ, మిషను ఆడలేదే. నీకూ అమాసనా?" అన్నాడు.

తప్పు నాదే అని ఒప్పుకోవడం నాకు పుట్టుకతో రాని విద్య. ఆ రోజు వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన నాలుగు పళ్లూ బయటపెట్టి నవ్వాడు.

"ఆదివారం ఓడకమ్మా సెలవు! మా మూటలకెందుకు ఇచ్చినావు?"

"నవ్వకు తాతా. నువ్వైనా బండ్లాయనకు చెప్పు. ఈ ఒక్క సోమవారానికి కాడి కట్టమను. కావాలంటే షావుకారుతో చెప్పి బాడుగ రెండింతలు ఇప్పిస్తా."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆ మాట మాత్రం అనద్దు. ఈ పొద్దు నీ కోసం ఎద్దు సోమారాన్ని ఇడిసిపెడితే, రేపు ఇంగొకడొచ్చి నా అమాసను అడుగుతాడు. ఎల్లుండి ఆడ రేవులో మూటలు మోసేటోని ఆదివారాన్ని అడుగుతాడు. ఒకటి పోతే అన్నీ పోతాయి."

నేను తలొంచుకున్నాను. నెలకు ఒక్క సెలవున్న మనిషి చెప్పిన మాట అది.

ఆయన వాకిట్లోకి పోయి ఒక మూటను రెండు చేతులతో ఎత్తి చూశాడు. మెల్లగా మొహంలోకి మళ్లీ ఆ కొంటెతనం వచ్చింది. "అమాస నాడు మగ్గం తొక్కగూడదన్నారు మా పెద్దోల్లు. సైకిలు తొక్కగూడదని అనలేదు. అనేకి పాపం వాళ్లకు సైకిల్లు యాడివి!"

అరగంటలో వీధి వీధంతా వాకిట్లోకి వచ్చింది. తలంటుకున్న తడి జుట్లతో, తెల్ల పంచెలతో, ఎవరి సైకిలు వాళ్లు తోసుకుంటూ. సైకిలు లేనివాళ్లు బాడుగ సైకిళ్లు తెచ్చారు. వెనక క్యారియరు మీద ఒక మూట, ముందు కడ్డీ మీద ఒక మూట. "మనింట్లో పుట్టిన పిల్లను మనమే సాగనంపాల గదబ్బా" అని ఒకడు మూటను నిమురుతూ అంటే, "అయితే ఏడువు మల్ల!" అని ఇంకొకడు. బండ్ల పెద్ద కూడా ఊరికే కూర్చోలేదు. ఎద్దుకు సెలవు గానీ తనకు లేదంటూ లేచి, మూటలన్నీ బండి తాళ్లతో కట్టి ఇచ్చాడు. ఆ ముడులు ఆదోని దాకా ఒక్కటీ జారలేదు.

వాళ్లు కదిలాక నేను బస్సెక్కాను, వాళ్లకంటే ముందు పోయి ప్రెస్సు వాళ్లకు చెప్పి పెట్టడానికి. దారిలో బస్సు వాళ్లను దాటింది. ముప్పై దాకా సైకిళ్లు, ఎండలో, పత్తి చేల మధ్య, గంటలు కొట్టుకుంటూ పోతున్నాయి. డ్రైవరు హారను మోగిస్తూ నెమ్మది చేశాడు. కండక్టరు తల బయటపెట్టి "ఏందప్పా, యాడికి ఈ దండయాత్ర?" అని కేకేశాడు. "ఓడకు!" అని పెద్ద నేతగాడు అరిచాడు. బస్సంతా గొల్లుమంది. చక్రం గాలి పోయి దారి పక్కన నిలబడ్డ ఒకడిని మూటలతో, సైకిలుతో సహా బస్సు పైకి ఎక్కించుకున్నారు. టిక్కెట్టు అడగలేదు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్నాను. పక్కనామె నాకు దయ్యం పట్టిందేమోనని కొంచెం జరిగి కూర్చుంది.

మూటలన్నీ ఒక్క విడతలో పోలేదు. కొందరు వెనక్కి పోయి మళ్లీ తెచ్చారు. పొద్దు వాలేవేళకు ఆదోని ప్రెస్సు వాకిట్లో మా గుడ్డంతా చేరింది. సరిగ్గా అప్పుడు మా నాన్న వచ్చాడు. బడి వదిలాక ఇంటికి పోతూ గుంపును చూసి ఆగాడట. అమావాస్య తర్పణాలు వదిలి, పొద్దుటి నుంచి ఒక్కపూట భోజనం మీద ఉన్న మనిషి. చెమటలు కక్కుతున్న ముప్పై మంది మగవాళ్ల మధ్య కూతురు నిలబడి మూటల మీది గుర్తులు గట్టిగా చదువుతోంది.

"ఏమ్మా ఇది?" అన్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "తప్పు నీదని వీళ్లకు చెప్పినావా?"

"చెప్పినా నాన్నా."

"సరే" అని, ఉత్తరీయం నడుముకు బిగించి, నా చేతిలోని కాగితం తీసుకుని ఆయనే హాజరు పిలిచినట్టు గుర్తులు చదవడం మొదలుపెట్టాడు. ఆయన గొంతుకు నేతగాళ్లు కూడా పిల్లల్లా "ఉంది సార్" అని జవాబు చెప్పారు. అంతా అయ్యాక, ప్రెస్సు ఎదురుగా ఉన్న అంగట్లో అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టించాడు. తను మాత్రం మంచినీళ్లు కూడా ముట్టలేదు.

బళ్లారి నుంచి వచ్చిన షావుకారు ఆ రాత్రే సంగతి విన్నాడు. మర్నాడు నేను ఎదురుపడితే "బేళ్లు ఎన్నయినాయి పాపా" అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. మంగళవారం బేళ్లు వ్యాగనెక్కాయి. అక్కడితో గట్టెక్కాననుకున్నాను గానీ, శనివారం మధ్యాహ్నం మద్రాసు నుంచి తంతి వచ్చింది. వ్యాగను ఇంకా చేరలేదు. దారిలో ఏ స్టేషన్లో నిలబెట్టేశారో ఎవరికీ తెలియదు. శనివారమే ఓడ నింపడం ఆఖరు. నేను తంతి చదివి వినిపించాను. షావుకారు "సరేలే పాపా" అన్నాడు. ఆయన కళ్లు మాత్రం మగ్గాల వైపు పోయాయి. ఆదివారం, సోమవారం రెండు రోజులూ నేను ఆఫీసుకు పోయి ఏం చేశానో నాకే గుర్తులేదు. కర్నూలు పోవడానికి ఏ చీరలు పెట్టుకోవాలో కూడా మనసులో అనుకున్నాను.

మంగళవారం రెండో తంతి వచ్చింది. నేను విప్పకుండా బల్ల మీద పెట్టాను. పెద్ద నేతగాడే చించి నా చేతికిచ్చాడు.

సరుకు ఓడెక్కింది. సోమవారం.

ఎలా అన్నది తర్వాత వచ్చిన ఉత్తరంలో తెలిసింది. శనివారం మద్రాసులో పెద్ద వాన. రేవులో పని ఆగింది. ఓడ సగం నిండి నిలబడిపోయింది. మర్నాడు ఆదివారం, చట్టం ప్రకారం ఎవరూ మూట ముట్టరు. అర్జీ పెట్టి రుసుము కట్టి అనుమతి తెచ్చుకోవడానికి ఓడవాళ్లకు ఓపిక లేకపోయిందో, మనసే లేకపోయిందో, ఊరికే లంగరేసుకుని కూర్చున్నారు. ఆ ఆదివారమే మా వ్యాగను ఆడుతూ పాడుతూ రేవు చేరింది. సోమవారం పొద్దున అందరి సరుకుతో పాటు మా బేళ్లూ ఎక్కాయి, రాత్రికి ఓడ కదిలింది. ఏ ఆదివారాన్ని నేను వారం రోజులు తిట్టుకున్నానో ఆ ఆదివారమే లేకపోతే, ఓడ మమ్మల్ని వదిలేసి పోయేది.

నేను తంతి చదవగానే వీధంతా పండగైంది. మగ్గాలు ఆపి మరీ వచ్చారు. బండ్ల పెద్ద ఎక్కడి నుంచి విన్నాడో, బెల్లం ముద్ద ఒకటి పట్టుకొచ్చి, నాకు సగం, ఎద్దులకు సగం పెట్టాడు. సందడి తగ్గాక నేను షావుకారు ముందుకు పోయి నిలబడ్డాను. అడగకపోతే ఆయన మర్చిపోతాడని తెలుసు.

"మరి నా సంగతేంది?" అన్నాను.

"ఏం సంగతి?"

"మొదటి ఓడ పోనీ, చూస్తామంటిరే. ఓడ పోయింది. తప్పు కూడా చేసినా. ఉండమంటారా, పొమ్మంటారా?"

ఆయన నిజంగానే మర్చిపోయాడు. "అది ఇంగా మనసులో పెట్టుకుని తిరుగుతాండావా?" అని నవ్వాడు. తర్వాత "ఇంగొక మాట. ఎద్దుకు సోమారం ఉంది. మగ్గానికి అమాస ఉంది. ఓడకు సూడబోతే సట్టమే ఉంది. నువ్వు మూన్నెల్లుగా ఒక్క దినం గూడా మానకుండా వస్తాండావు, నేనూ సూసుకోల్యా. నీకు ఏ దినం సెలవు కావాల్నో సెప్పు పాపా" అన్నాడు.

అందరి సెలవులూ గోడకెక్కించిన నేను, నాకొకటి ఉండాలని ఎన్నడూ అనుకోలేదు. రేపు చెబుతానని కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఓడ పోయిందా?"

"పోయింది నాన్నా."

"ఉండమన్నాడా?"

"ఏ రోజు సెలవు కావాలో చెప్పమన్నాడు."

ఆయన చేతిలో ఎర్ర పెన్సిలు ఆగింది. ఇప్పుడైనా ట్రైనింగు మాట ఎత్తుతాడేమో అనుకున్నాను.

"ఆదివారం అడుగమ్మా" అన్నాడు చివరికి. "నాకూ ఆ పొద్దే గదా సెలవు."